అమ్మవారికి మొక్కిన బొమ్మ ఇల్లు

ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరి చివరి వీధిలో ఒక తాటాకు ఇల్లు. ఆ ఇంట్లో ముగ్గురు మనుషులు, ముగ్గురికీ పట్టరానంత తెలివి. ఇది ఊరు అన్న మాట కాదు, వాళ్ళకి వాళ్ళు చెప్పుకునే మాట.

ఇంటి పెద్ద తవిటయ్య. అతని పెళ్ళాం గున్నమ్మ. తవిటయ్య తమ్ముడు అసిరయ్య. అసిరయ్యకి ఇంకా పెళ్ళి కాలేదు. వాడి తెలివికి తగిన పిల్ల ఈ చుట్టుపక్కల పుట్టలేదని వదిన అందరికీ చెప్పేది.

గాలి వీస్తే చాలు, ముగ్గురూ చెవులకి గుడ్డ కట్టుకునేవాళ్ళు, తెలివి ఎగిరిపోతుందని. గున్నమ్మ తల దువ్వుకుంటే దువ్వెనలో చిక్కిన వెంట్రుకల్ని పారేసేది కాదు. కుదుళ్ళకి కొంచెం తెలివి అంటుకుని వస్తుందని ఉండ చుట్టి చూరులో దోపేది. అసిరయ్య జలుబు చేసినా ముక్కు చీదేవాడు కాదు. తలలోంచి ఏది పోయినా నష్టమే అనేవాడు.

వాళ్ళకి ఇంకో గుణం ఉంది. ఎవరైనా ఒక మాట చెప్తే ఎంత చెప్పారో అంతే చేస్తారు. దానికి ముందూ లేదు, వెనకా లేదు. ఒకసారి పక్కింటావిడ వాకిట్లో మిరపకాయలు ఆరబోసి, కాస్త కాపలా కూర్చో గున్నమ్మా, వాన వస్తే లోపలికి వచ్చెయ్ అని చెప్పి సంతకి పోయింది. వాన వచ్చింది. గున్నమ్మ లోపలికి వచ్చేసింది. మిరపకాయలు కాలవలో కొట్టుకుపోయాయి. పక్కింటావిడ వచ్చి లబోదిబోమంటే, నన్ను రమ్మన్నావు, వచ్చాను, మిరపకాయల్ని రమ్మన్నావా అని అడిగింది. ఆవిడ నెత్తి కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. చూశావా, నా తెలివి ముందు నోరు పెగల్లేదు అని గున్నమ్మ ఆ సంగతి మూడు నెలలు చెప్పుకుంది.

ఆ ఏడు పెద్ద గాలివాన వచ్చింది. ఒక పగలంతా ఒకటే ఊపు. కొబ్బరి చెట్లు విరిగాయి, ఎదురింటి కప్పు లేచిపోయి చెరకు తోటలో పడింది. ఈ ముగ్గురూ చెవులకి గుడ్డలు కట్టుకుని నిట్రాటని కావలించుకుని కూర్చున్నారు. నిట్రాట అంటే ఇంటి నడిమధ్య పాతిన పెద్ద రాట. కప్పు బరువంతా దాని నెత్తి మీదే ఉంటుంది. అది ఊగుతుంటే గున్నమ్మ గుండె ఊగింది. పోలమ్మ తల్లీ, మా ఇల్లు పడకుండా చూడు, అచ్చం మా ఇంటి లాంటి కర్ర ఇల్లు చేసి నీ జాతరకి తెచ్చి నీ ముందు పెడతాను అని మొక్కింది.

సాయంత్రానికి గాలి తగ్గింది. ఇల్లు పడలేదు.

గున్నమ్మ గుడికి పోయి పూజారి దాలయ్యకి మొక్కు సంగతి చెప్పింది. ఆ ఊళ్ళో ఇలాంటి మొక్కులు మామూలే. ఆవు బతికితే కర్ర ఆవు, బండి బాగుపడితే కర్ర బండి తెచ్చి ఇస్తారు. దాలయ్య పద్ధతి చెప్పాడు. మొక్కినవాళ్ళే తమ చేత్తో చెయ్యాలి. ఇంటికీ బొమ్మకీ తేడా ఉండకూడదు. తేడా వస్తే మొక్కు తీరినట్టు కాదు. తీరకపోతే ఏటవుతుంది బాబూ అని గున్నమ్మ అడిగింది. దాలయ్య కొబ్బరి చిప్పలు ఏరుకుంటూ తల ఎత్తకుండానే అన్నాడు.

"ఏటవుతుంది, అమ్మ ఇచ్చింది అమ్మే తీసుకుంటుంది."

ఇంకేముంది. ఆ మాటని గున్నమ్మ కొంగున ముడేసుకుంది. తేడా వస్తే ఇల్లు పోతుంది. జాతరకి పదిహేను రోజులు. ఇంటికొచ్చి మొగుడికీ మరిదికీ చెప్పింది. ఇంత తెలివి పెట్టుకుని ఒక బొమ్మ ఇల్లు చెయ్యలేమా అని వాళ్ళు నవ్వేశారు. ఇద్దరికీ అంతవరకు రంపం ఏ వైపు పట్టుకోవాలో తెలీదు.

వడ్రంగి కూర్మాచారి దగ్గరికి వెళ్ళారు. ఆయన జాతరకి రంగులరాట్నం చేస్తూ ఊపిరి సలపకుండా ఉన్నాడు. ముందు కొలతలు తెచ్చుకోండి అన్నాడు. అన్నదమ్ములు కొబ్బరి తాడు తీసుకుని ఇల్లంతా కొలిచారు. తూర్పు గోడకి ఒక తాడు, పడమటి గోడకి ఒక తాడు, తలుపుకి ఒకటి, దూలానికి ఒకటి, వాసానికి ఒకటి. ఏది దేనంత ఉందో దానంత కోశారు. నలభై తాళ్ళు అయ్యాయి. దారిలో ఒక్కటి జారిపోయినా కొలత పోతుందని అసిరయ్యకి భయం వేసింది. అంతే, నలభై తాళ్ళనీ ఒకదానికి ఒకటి ముడివేసి, ఉండ చుట్టి, నెత్తిన పెట్టుకుని పట్టుకెళ్ళాడు.

"ఇదిగో ఆచారిగారూ, మా ఇల్లు. ఒక్క బెత్తెడు కూడా పోలేదు."

కూర్మాచారి ఆ ఉండని చూశాడు, వాడిని చూశాడు, ఉలి కింద పెట్టాడు. తనే వచ్చి అరగంటలో ఇల్లంతా కొలిచి ఒక వెదురు బద్ద మీద గీతలు పెట్టి ఇచ్చాడు. గోడలు మట్టివి కాబట్టి వాటికి పల్చటి పలకలు తనే ఇచ్చి, పైన మట్టి పూసుకోమన్నాడు. ఒక రంపం, ఒక ఉలి, ఒక సుత్తి ఇచ్చాడు. ఇచ్చి, మెల్లగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు.

"అడుగుకి అంగుళం చొప్పున చెయ్యండి. అంటే పన్నెండో వంతు. పని పట్టాక అన్నీ పన్నెండో వంతే, ఎక్కడా లెక్క తప్పకండి. ఇంటికి ఏ కర్ర వాడారో బొమ్మకీ ఆ కర్రే వాడండి, పరాయి కర్ర కలపకండి. ఇంట్లో ఏవేవి ఉన్నాయో బొమ్మలోనూ అవే ఉండాలి. తెలిసిందా?"

ముగ్గురూ తల ఊపారు. దారి పొడుగునా ఆ మాటలు వల్లించుకుంటూ వచ్చారు. ఒక్క ముక్క మర్చిపోలేదు. అదే వచ్చిన చిక్కు.

మర్నాడు పని పట్టారు. మధ్యాహ్నం అన్నానికి కూర్చుంటే గున్నమ్మ ఆకుల్లో తలో నాలుగు వేళ్ళు పట్టేంత అన్నం పెట్టి, చారు చెంచాతో పోసింది. ఇదేటని మొగుడు అడిగాడు. పని పట్టాక అన్నీ పన్నెండో వంతే అన్నారు కదా మావా అంది. నిజమే అనుకుని తిన్నారు. రెండో రోజూ అంతే. మూడో రోజు అసిరయ్య రంపం పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే పక్కకి ఒరిగాడు. బొమ్మ చిన్నదే గానీ వదినా, ఆకలి మాత్రం నిలువెత్తునే ఉంది అని గొణిగాడు.

గున్నమ్మ ఆలోచించింది. లెక్క తప్పకూడదు, మరిది చావకూడదు. చివరికి దారి దొరికింది. పన్నెండో వంతు అన్నమే వండుతుంది, రోజుకి పన్నెండుసార్లు వండుతుంది. ముగ్గురూ పొంగిపోయారు. ఇంకేముంది, పొయ్యి ఆరలేదు. తినడం, చెయ్యి కడుక్కోవడం, మళ్ళీ ఆకు వేసుకోవడం. అలా తింటూ తింటూ అయిదు రోజులు గడిచాయి. అడుగున ఒక పెద్ద పలక వేసి, దాని మీద పల్చటి పలకలతో నాలుగు గోడలు మాత్రం లేపారు.

తర్వాత తలుపు వంతు. ఆ ఇంటి తలుపు మామిడి చెక్కది. పెరట్లో మామిడి చెక్క ముక్కలు బోలెడు పడి ఉన్నాయి. అసిరయ్య ఒకటి తెచ్చాడు. తవిటయ్య వాడి చేతిలోంచి లాక్కుని అవతల పారేశాడు.

"ఇది మన ఇంటికి వాడిన కర్రా? ఆచారి ఏటన్నాడు? ఇంటికి వాడిన కర్రే వాడాలి. ఇది పరాయి కర్ర. అమ్మ ఊరుకుంటుందా?"

తమ్ముడు లెంపలేసుకున్నాడు. మరి ఇంటికి వాడిన మామిడి కర్ర ఎక్కడుంది? తలుపులోనే ఉంది. అంతే, రంపం తీసుకుని వీధి తలుపు అడుగున మూరెడు ముక్క కోసేశారు. ఆ ముక్కతో ఆరంగుళాల తలుపు చేసి బొమ్మకి బిగించారు. ముద్దొచ్చేలా ఉంది. గున్నమ్మ దిష్టి తీసింది. తీస్తూ ఒకసారి అసలు తలుపు కేసి చూసింది, మళ్ళీ బొమ్మ తలుపు కేసి చూసింది.

"మావా, తేడా వచ్చింది. దానికి కన్నం ఉంది, దీనికి లేదు."

అంతే, బొమ్మ తలుపుకీ పన్నెండో వంతు కన్నం పొడిచారు. హమ్మయ్య అనుకున్నారు. ఈలోగా పెద్ద కన్నంలోంచి వీధి కుక్క లోపలికి దూరి చేపల కూర కుండలో మూతి పెట్టింది. గున్నమ్మ చీపురు ఎత్తింది. తవిటయ్య ఆపాడు. ఇంట్లో ఉన్నవి బొమ్మలో ఉండాలి కదా, ఇంట్లో ఇప్పుడు కుక్క ఉంది, ముందు కుక్కని చెక్కాలి అన్నాడు. అసిరయ్య ఉలి పట్టుకుని కుక్క ఎదురుగా కూర్చున్నాడు. కూర అయ్యేదాకా కుక్క బాగానే కుదురుగా ఉంది. అయిపోగానే లేచి పోయింది. చెవులు రెండూ చెక్కాడు, ఒళ్ళు ఇంకా మిగిలిపోయింది. కుక్క పోయింది కాబట్టి ఇంక చెక్కక్కర్లేదు, సరిపోయింది అని గున్నమ్మ తీర్పు చెప్పింది. ఆ పూట చారన్నమే తిన్నారు, నాలుగుసార్లు.

అలా మంచం, పీట, చాట, రోకలి, ఉట్టి అన్నీ చేసి బొమ్మలో పెట్టారు. ఏది చేసినా దాని కర్ర దానిలోంచే. మంచం కోడు పొట్టిదైంది, బొమ్మ మంచం కోడూ పొట్టిది చేశారు. పీట మీద కూర్చుంటే బోర్లా పడుతున్నారు, బొమ్మ పీటనీ బోర్లా పడేలా చేశారు. లెక్క తప్పలేదు.

ఒకరోజు అసిరయ్య అరుగు మీద కూర్చుని బొమ్మ కేసి చూస్తూ చూస్తూ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"అన్నా, మన అరుగు మీద బొమ్మ ఇల్లు ఉంది కదా. మరి బొమ్మ ఇంటి అరుగు మీద బొమ్మ ఇల్లేది?"

తవిటయ్యకి చెమట పట్టింది. ఇంత పెద్ద వస్తువు ఎలా మర్చిపోయామని ముగ్గురూ బాధపడ్డారు. రెండు రోజులు కూర్చుని అగ్గిపెట్టె పాటి ఇల్లు చెక్కి బొమ్మ అరుగు మీద పెట్టారు. పెట్టాక, ఆ అగ్గిపెట్టె ఇంటి అరుగు ఖాళీగా కనపడింది. కందిగింజంత ఇల్లు చేశారు. దాని అరుగూ ఖాళీయే. అప్పుడు అసిరయ్య కళ్ళు చికిలించి, ఊపిరి బిగబట్టి, ఒక పూటంతా ఏదో గీకి, గోటి చివర పట్టుకొచ్చి కందిగింజ ఇంటి ముందు పెట్టాడు. నాకేం కనపడ్డం లేదురా అంది గున్నమ్మ. నీ కళ్ళు పెద్దవి వదినా, పన్నెండో వంతు కళ్ళుంటే కనపడుతుంది అన్నాడు. గున్నమ్మ ఆ వైపు తిరిగి దండం పెట్టుకుంది. తవిటయ్య ఇంకా బాగా చూద్దామని వంగి తుమ్మాడు. అంతే, గోటి చివర ఇల్లూ కందిగింజ ఇల్లూ రెండూ ఎటు పోయాయో తెలీదు.

ముగ్గురూ మోకాళ్ళ మీద దేవులాడారు. దొరకలేదు. గున్నమ్మ ఏడుపుకి వచ్చేసింది. అప్పుడు తవిటయ్యకి మెరుపు లాంటి ఊహ వచ్చింది. ఇంట్లో ఉన్నవే కదా బొమ్మలో ఉండాలి, బొమ్మ ఇంట్లో లేకపోతే సరి. బొమ్మని ఎత్తి పెరట్లో పెట్టేశారు, దాని అరుగు మీది అగ్గిపెట్టె ఇంటిని తీసి పొయ్యిలో వేశారు. ఇప్పుడు అరుగు ఖాళీ, బొమ్మ అరుగూ ఖాళీ. అంత తెలివైన మొగుడు దొరికినందుకు గున్నమ్మ ఆ పూట అతనికి పదమూడోసారి అన్నం పెట్టింది.

ఇంక కప్పు మిగిలింది. ఇంటికి ఇరవై నాలుగు తాటి వాసాలు. బొమ్మకీ ఇరవై నాలుగు కావాలి, ఒక్కొక్కటి అడుగు పొడవు. ఒకే వాసంలోంచి అన్నీ చీల్చుకోవచ్చని అసిరయ్య అన్నాడు. ఏ వాసం కర్ర ఆ వాసానికే, లేకపోతే తేడా వస్తుంది అని అన్న గదమాయించాడు. అంతే, నిచ్చెన వేసి ఇరవై నాలుగు వాసాల చివర్లూ తలో అడుగు కోసేశారు. పెద్ద వాసాలు అడుగు తగ్గాయి కాబట్టి బొమ్మ వాసాలు అంగుళం తగ్గించారు. లెక్క ముచ్చటగా కుదిరింది. ఒక్కటే చిన్న ఇబ్బంది. పెద్ద ఇంటి వాసాలు ఇప్పుడు గోడ మీదకి అందడం లేదు. కప్పంతా నిట్రాట మీద గొడుగులా వేళ్ళాడుతూ ఈశాన్యం మూలకి ఒరిగింది.

అసిరయ్య పరిగెత్తుకెళ్ళి ఆ మూల రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. కప్పు ఆగింది. వాడు చెయ్యి తీస్తే మళ్ళీ దిగుతోంది. ఇంకేముంది, వాడు అక్కడే ఉండిపోయాడు. గున్నమ్మ పన్నెండుసార్లూ అక్కడికే వచ్చి ముద్దలు పెట్టింది.

రెండో రోజు తవిటయ్య బొమ్మ పక్కన కూర్చుని లోపలికి తొంగి చూసి నిట్టూర్చాడు. అసలు ఇంట్లో మూలన ఒక మనిషి చేతులెత్తి కప్పు మోస్తున్నాడు. బొమ్మలో మనిషి లేడు. తేడా. అసిరయ్యని కూడా చెయ్యాలి. చెయ్యడానికి ఒప్పుకున్నారు గానీ, ఏ కర్రతో చెయ్యాలన్న దగ్గర ఆగిపోయారు. తలుపుకి తలుపు కర్ర, వాసానికి వాసం కర్ర. మరి అసిరయ్యకి?

తవిటయ్య రంపం కేసి చూశాడు. తర్వాత తమ్ముడి కేసి చూశాడు. చేతులు వదిలితే కప్పు పడుతుంది, తమ్ముడు పారిపోలేడు.

"అన్నా, నేను కర్రని కాదు. ఆచారిని అడుగు, నేను కర్రని కాదు."

పన్నెండో వంతే కదరా, ఎంతని అన్నాడు అన్న. ఒక చెయ్యి పాటి కూడా ఉండదు అని ఓదార్చాడు. అసిరయ్య కెవ్వుమన్నాడు. గున్నమ్మ అడ్డుపడింది. మరిదికి ఒక చెయ్యి తగ్గితే బొమ్మకీ ఒక చెయ్యి తగ్గించాలి, అప్పుడు ఒంటి చేత్తో కప్పు ఆగదు అని తేల్చింది. చివరికి కట్టెపుల్లతో మనిషిని చెక్కి, అసిరయ్య పిలక కోసి దానికి అంటించారు. బొమ్మ అసిరయ్య నవ్వుతూ కప్పు మోస్తున్నాడు. నాకంటే వాడే బాగున్నాడు అని అసలు అసిరయ్య మూతి ముడుచుకున్నాడు.

జాతరకి ముందు రోజు పొద్దున్నే కూర్మాచారి చూడ్డానికి వచ్చాడు. పెరట్లో బొమ్మని చూసి ఆయన నోరు తెరిచాడు. తాటాకు తాటాకుగా కప్పు, పూసిన మట్టి, ఉట్టి మీద గోరంత కుండ. ముప్పై ఏళ్ళ నుంచి ఉలి పట్టాను, ఇలాంటి పని చూడలేదు అన్నాడు. ముగ్గురి మొహాలూ వెలిగాయి. లోపలికి చెయ్యి పెట్టి తడిమి, నిట్రాట ఒక్కటే లేదు, అది లేకుండా ఇల్లు ఇల్లు కాదు, నేను రేపు పొద్దున్నే మంచి టేకు పుల్ల తెచ్చి నిలబెడతాను అన్నాడు. అప్పుడు తల ఎత్తి అసలు ఇంటిని చూశాడు. కన్నం పడ్డ తలుపు, వేళ్ళాడే కప్పు, మూలన చేతులెత్తుకుని అసిరయ్య. చేతులు రెండూ జోడించాడు.

"ఒరే తవిటయ్యా, నీకు దండం పెడతాను. ఈ ఇంట్లో ఇంక ఒక్క పుల్ల కూడా చేత్తో ముట్టుకోకండి."

రంగులరాట్నం పని వదిలిపెట్టలేక, రేపు మనుషుల్ని తీసుకొస్తానని చెప్పి వెనక్కి వెనక్కి చూసుకుంటూ వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే గున్నమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్ళు కష్టపడి చివరికి నడిమధ్య పరాయి టేకు పుల్ల పెడితే అమ్మ చూస్తూ ఊరుకుంటుందా? ఇల్లు తీసేసుకోదా? నిట్రాటకి నిట్రాట కర్రే పెట్టాలి. నిజమేనే, కానీ చేత్తో ముట్టుకోవద్దన్నాడు కదా అన్నాడు తవిటయ్య. ముట్టుకునేది రంపం, మనం రంపాన్ని ముట్టుకుంటాం అంది గున్నమ్మ. ఇంత చిన్న సంగతి ఆచారికి తట్టలేదే అని నవ్వుకున్నారు.

మొగుడో వైపు, పెళ్ళామో వైపు రంపం పట్టుకున్నారు. నిట్రాట నడుం దగ్గర మొదలుపెట్టారు. అడుగు ముక్క కావాలి, కాబట్టి కింద ఒక కోత, పైన ఒక కోత. కింద కోత అయింది. ఇల్లు మూలిగింది. పైన కోత సగం పడగానే తాటాకుల్లోంచి ఎలకలన్నీ దిగి వరసగా బయటికి పోయాయి. బొమ్మలో ఎలకలు పెట్టలేదు, వాటంతట అవే పోతున్నాయి, మంచిదే అని తవిటయ్య సంతోషించాడు. కోత పూర్తయింది. అడుగు ముక్క ఊడి వచ్చి గున్నమ్మ కాళ్ళ దగ్గర పడింది. ఆవిడ దాన్ని కొంగుతో పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది, వెనకే మొగుడు.

అంతే. కప్పు ఒక్కసారి నిట్టూర్చి, ముసలావిడ పీట మీద కూలబడ్డట్టు మెల్లగా కూర్చుంది. దానితోపాటు తూర్పు గోడ వీధిలోకి, పడమటి గోడ పెరట్లోకి ఒరిగాయి. దుమ్ము లేచింది. దుమ్ము తగ్గాక చూస్తే తాటాకుల మధ్యలోంచి అసిరయ్య తల బయటికి వచ్చి ఉంది, దెబ్బ తగల్లేదు. ఇంక చేతులు దింపొచ్చా అని అడిగాడు.

అన్నావదినలు ఆ ముక్కని చెక్కుతున్నారు. చిటికెన వేలంత లావు చేసి, బొమ్మ నడిమధ్య నిలబెట్టి, కప్పు దాని మీద ఆనించారు. బొమ్మ పూర్తయింది. గున్నమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. మొక్కు తీరింది తల్లీ అంటూ లేచి, ఇంటి వైపు తిరిగింది. తిరిగి అలాగే నిలబడిపోయింది.

అక్కడ కుప్ప. ఇక్కడ ఇల్లు. ఇంతకన్నా తేడా ఇంకేం కావాలి?

జాతర రేపే. పెద్దదాన్ని లేవనెత్తడం ముగ్గురి వల్లా కాదు. మరి మిగిలిన దారి ఒక్కటే. తవిటయ్య కళ్ళు మూసుకుని బొమ్మ నిట్రాట లాగేశాడు. అది కూలింది. కూలితే సరిపోదు కదా, ఎలా పడితే అలా పడనివ్వకూడదు. ఆ పగలంతా అసిరయ్య కుప్ప దగ్గర నిలబడి కొలతలు అరిచి చెప్పడం, వీళ్ళు ఇక్కడ సర్దడం. తూర్పు గోడ వీధి వైపు మూడంగుళాలు, పడమటి గోడ పెరటి వైపు రెండు. ఏడో వాసం పదకొండో వాసం మీద అడ్డంగా. ఉట్టి కుండ నాలుగు పెంకులు. అసిరయ్య కుప్పలోంచి బయటికి వచ్చేశాడు కాబట్టి బొమ్మ అసిరయ్యనీ తీసేశారు. ఒక్క పుల్ల తప్పలేదు. మొత్తాన్ని పలక మీదే ఉంచి, పలకని పెద్ద గంపలో దింపారు.

మర్నాడు డప్పులు మోగుతుంటే గంప నెత్తిన పెట్టుకుని గున్నమ్మ ముందు, అన్నదమ్ములు వెనక, దారి పొడుగునా గర్వంగా నడిచి గుడికి వెళ్ళారు. గంప అమ్మవారి ముందు దింపారు. పూజారి దాలయ్య వంగి చూశాడు.

"ఇదేటమ్మా, పొయ్యిలోకి పుల్లలు తెచ్చావా?"

మా ఇల్లు బాబూ, ఎవరినైనా పంపి చూపించుకోండి, ఒక్క పుల్ల తేడా ఉంటే నన్ను అడగండి అంది. నలుగురు వెళ్ళి చూసి, గంప దగ్గరికి వచ్చి చూసి, మళ్ళీ వెళ్ళి చూసి, నిజమే పూజారిగారూ, తేడా లేదు అన్నారు. కూర్మాచారి గంప పక్కన కూలబడి తల పట్టుకున్నాడు.

"ఇల్లు పడకూడదని కదే మొక్కుకున్నావు," అన్నాడు దాలయ్య.

"గాలికి పడలేదు బాబూ. అమ్మ మాట నిలబెట్టుకుంది. పడగొట్టింది మేమే."

దాలయ్య గంప తీసి అమ్మవారి పాదాల పక్కన పెట్టించాడు. జాతర అయ్యాక ఊళ్ళో వాళ్ళని కూర్చోబెట్టి, వీళ్ళని ఇలా వదిలేస్తే చెట్టు కింద ఉండి ఆ చెట్టునీ కోస్తారు అని చెప్పాడు. జాలిపడి తలో చెయ్యి వేశారు. ఒకరు వాసం ఇచ్చారు, ఒకరు దూలం ఇచ్చారు, కూర్మాచారి తన టేకు రాట ఇచ్చాడు. పక్కింటావిడ మిరపకాయల సంగతి మర్చిపోయి రెండు బళ్ళ తాటాకు ఇప్పించింది. ఇరవై రోజుల్లో ఇల్లు లేచింది. పాతదానికన్నా ఎత్తు, పాతదానికన్నా గట్టి.

గృహప్రవేశం నాడు ఊరంతా వచ్చింది. పాలు పొంగించారు. వాకిట్లో బంతి వేసి అందరూ భోజనాలకి కూర్చున్నారు. గున్నమ్మ పాయసం వడ్డిస్తూ దాలయ్య దగ్గరికి వచ్చి ఆగింది. బాబూ, మా గంప అమ్మ దగ్గర ఎలా ఉంది అని అడిగింది. ఎలా పెట్టావో అలాగే ఉందమ్మా, ఒక్క పుల్ల కదల్లేదు, నిశ్చింతగా ఉండు అన్నాడాయన, పాయసం జుర్రుతూ.

గున్నమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. కొత్త ఇంటి కేసి చూసింది. మొహం పాలిపోయింది. గరిటె అక్కడే పెట్టి మొగుడి దగ్గరికి పరిగెత్తి చెవిలో ఏదో చెప్పింది. తవిటయ్య మొహం కూడా పాలిపోయింది. అతను తమ్ముడి చెవిలో చెప్పాడు.

కూర్మాచారి విస్తరి ముందు నుంచి ఇదంతా చూస్తున్నాడు. ఏవైందిరా అని కేకేశాడు.

"ఏం లేదు ఆచారిగారూ, మీరు నిదానంగా తినండి," అన్నాడు తవిటయ్య రంపం వెతుక్కుంటూ. "అమ్మ దగ్గర కుప్ప ఉంది, ఇక్కడ ఇల్లు ఉంది. అమ్మ ఇంకా చూసినట్టు లేదు. మీ భోజనాలయ్యేలోగా సరిచేసేస్తాం."

ఆచారి ఎంగిలి చేత్తోనే లేచాడు. అప్పటికే అసిరయ్య ఇంటి మీదకి ఎక్కాడు. పైనుంచి మొదటి తాటాకు జారి వచ్చి పూజారిగారి పాయసంలో పడింది.